నీలం పనికోటు: వీధి టైలరు దగ్గర కుట్టించుకునే వాళ్ళకు

రెండేండ్ల కిందట కార్తీకమాసంలో ఒక అబ్బోడు మా అంగడి మెట్లెక్కి సెల్లు నా ముందర పెట్టినాడు. "అక్కా, ఇట్లాంటిది కుట్టిస్తావా? ఆన్‌లైన్లో పన్నెండు వేలు చెప్తా ఉండారు" అన్నాడు. బొమ్మలో నీలం కోటు. పైన అతికించిన జేబులు మూడు, చిన్న కాలరు, ఐదు గుండీలు. భుజంలో దూది లేదు, లోపల లైనింగు లేదు, నడుం దగ్గర నొక్కుడు లేదు. ఫ్రెంచి పనివాళ్ళ కోటు అని కింద రాసి ఉంది.

ఆ బొమ్మ చూడంగానే నాకు మా నాయన గుర్తుకొచ్చినాడు. తిరుపతి కొర్లగుంటలో ముప్పై ఏండ్లు మిషను తొక్కిన మనిషి. శెట్టిపల్లె రైల్వే క్యారేజీ రిపేరు షాపులో పనిచేసే వాళ్ళు నీలం డ్రిల్ గుడ్డ తెచ్చిస్తే డ్యూటీ చొక్కాలు, కోట్లు కుట్టి ఇచ్చేవాడు. స్పానరు పెట్టుకునేదానికి జేబు లోతుగా ఉండాల. వంగి పనిచేసేదానికి వీపు వదులుగా ఉండాల. గ్రీసు చేత్తో లాగినా గుండీ ఊడకూడదు. జేబు మూలలకు ట్యాకింగు కొట్టే పని, అంటే ఒకేచోట మళ్ళా మళ్ళా కుట్టి గట్టిచేసే పని, నాకు పదేండ్లప్పుడే ఇచ్చినాడు. "మూల గట్టిగా లేకపోతే జేబు ఎంత బాగున్నా నెల్లాళ్ళేరా తల్లీ" అనేవాడు.

నేనిప్పుడు ఎక్కువగా జాకెట్లే కుడతాను, ఆడవాళ్ళవి. అయినా ఆ అబ్బోడికి కుట్టినాక వాడి స్నేహితులు వచ్చినారు, వాళ్ళను చూసి ఇంకొందరు వచ్చినారు. నా లెక్క పుస్తకంలో ఇప్పటికి 31 కోట్లు ఉన్నాయి. ఇంకోచోట కుట్టించుకుని చెడిపోయినాక సరిచేయమని తెచ్చినవి కూడా కొన్ని చూసినాను. అన్నిట్లోనూ తప్పు ఒక్కటే. కుట్టిన టైలరు దాన్ని కోటు అనుకున్నాడు. పెండ్లికోటు మాదిరి నడుం నొక్కినాడు, కాలరు గట్టిగా నిలిచేదానికి లోపల బక్రం గుడ్డ పెట్టినాడు, జేబులు బొమ్మకు పెట్టినట్టు పెట్టినాడు. ఈ కోటులో సోకుకని పెట్టింది ఏమీ లేదు. ప్రతి జేబూ ప్రతి మడతా ఏదో ఒక పనికోసం పుట్టింది. ఆ పని ఏందో తెలిసి కుట్టిస్తే, మగపిల్లలు ఇంత ఆశగా ఎందుకు అడుగుతున్నారో మీకే తెలుస్తుంది.

అది యాడ పుట్టింది

ఫ్రాన్సులో 19వ శతాబ్దం చివర ఫ్యాక్టరీ కూలీలు, రైలు పనివాళ్ళు, రైతులు వేసుకున్న కోటు ఇది. వాళ్ళ భాషలో దాని పేరుకు అర్థం 'పని నీలం'. మోల్‌స్కిన్ అనే దట్టమైన నూలు గుడ్డతో కుట్టేవాళ్ళు. నీలం మీద మురికి బిన్నా కనపడదు. 1897లో జర్మనీలో బీఏఎస్ఎఫ్ కంపెనీ కృత్రిమ నీలిమందు అమ్మకానికి తెచ్చినాక ఆ రంగు చౌక కూడా అయింది. మన కడప, నెల్లూరు సీమల్లో నీలిమందు సాగు కూలిపోయింది కూడా ఆ సరుకు వల్లనే. నీలం కోటు కుట్టిన ప్రతిసారీ నాకు ఆ రైతులు మనసులో మెదులుతారు.

అమెరికాలో 1889లో హామిల్టన్ కార్‌హార్ట్ డెట్రాయిట్ ఊర్లో కుట్టుపని పెట్టినప్పుడు మొదట కుట్టింది రైలు పనివాళ్ళకే. ఇది చదివినప్పుడు మా నాయనకు చెప్పాలనిపించింది, అప్పటికే ఆయన లేడు. అయితే నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి ఒక టైలరుది. నెవాడా రాష్ట్రంలో రెనో అనే ఊర్లో జేకబ్ డేవిస్ అని టైలరు ఉండేవాడు. ఒక కూలీ పెండ్లాం వచ్చి, మా ఆయనకు చిరగని ప్యాంటు కుట్టివ్వమని అడిగింది. ఆయన జేబు మూలలకు రాగి రివిట్లు కొట్టి ఇచ్చినాడు. పేటెంటు తీసుకునేదానికి డబ్బు చాలక, తనకు గుడ్డ అమ్మే లెవీ స్ట్రాస్‌కు జాబు రాసినాడు. 1873 మే 20న డేవిస్ పేరుతో, స్ట్రాస్ కంపెనీ పేరుతో కలిపి పేటెంటు వచ్చింది. మీ జీన్స్ ప్యాంటు జేబు మూలలో ఉండే రాగి చుక్క ఆ టైలరు చేతిది. మా నాయన ట్యాకింగు చేసే పని, ఆ రివిటు చేసే పని ఒకటే.

ఈ బట్టలో మన పాలు కూడా ఉంది. డంగరీ అనే మాట ముంబయిలోని డోంగ్రీ పేరు మీద వచ్చింది. అక్కడ అమ్మిన ముతక నూలు గుడ్డ ఓడల్లో పోయి దొరల పనిబట్ట అయింది. ఖాకీ అంటే పర్షియన్‌లో దుమ్ము రంగు. 1840ల్లో వాయవ్య సరిహద్దులో ఇంగ్లీషు సైన్యం మొదలుపెట్టిన ఆ రంగే తర్వాత మన పోలీసు, మన ఆర్టీసీ డ్రైవరు వేసుకున్నారు.

ఇప్పటి మోజుకు కారణమైన వాళ్ళలో ఒకాయన పేరు మాత్రం చెప్పుకోవాల. న్యూయార్క్ టైమ్స్ పత్రికకు వీధుల్లో జనం బట్టలు ఫోటో తీసిన బిల్ కన్నింగ్‌హామ్. మెడలో కెమెరా, కింద సైకిలు, ఒంటి మీద ఏండ్ల తరబడి ఈ నీలం పనికోటే. 2016లో 87 ఏండ్లకు చనిపోయినాడు. ప్రపంచంలోని ఖరీదైన బట్టలన్నీ చూసిన మనిషి తనకు ఎంచుకున్నది జేబులుండే కూలీ కోటు. పని చేసుకునే మనిషికి జేబులు కావాల, చేతులు ఆడాల, బట్ట గురించి దిగులుండకూడదు. పారిస్‌లోనైనా తిరుపతిలోనైనా అంతే.

గుడ్డ

కోటు బాగుపడేది, చెడిపోయేది సగానికి పైగా గుడ్డ దగ్గరే. తొందరపడొద్దు.

గాంధీ రోడ్డులో పెద్ద షోరూములకు పోయి అడిగితే సూటు గుడ్డ చూపిస్తారు. స్కూలు యూనిఫారాలు, డ్యూటీ యూనిఫారాలు అమ్మే అంగళ్ళకు పోండి. "నూరు శాతం కాటన్ డ్రిల్ చూపించండన్నా" అని అడగండి. మొదట టెరికాటన్ తీసి పరుస్తారు, ఎందుకంటే అది నలగదు, బిన్నా ఆరుతుంది, ఎక్కువగా అమ్ముడుపోతుంది. వద్దనండి. టెరికాటన్‌లో పాలిస్టరు ఉంటుంది. మన ఎండకు చెమట లోపలే నిలుస్తుంది, పైగా ఎన్నేండ్లు తొడిగినా రంగు అందంగా వెలవదు. అంచులో నుంచి రెండు పోగులు లాగి అంగడి బయట అగ్గిపుల్లతో కాల్చి చూడండి. నూలు కాగితం మాదిరి కాలి మెత్తటి బూడిద అవుతుంది. పాలిస్టరు కరిగి నల్లటి గట్టి పూస కడుతుంది. అమ్మేవాడు ఏమీ అనుకోడు, నేను ముప్పై అంగళ్ళలో చేసినాను.

డ్రిల్ అంటే ఏటవాలు గీతల నేత. వెలుతురుకు పట్టి చూస్తే గీతలు కనపడతాయి. డెనిమ్ కూడా ఆ జాతిదే: నిలువు పోగు నీలం, అడ్డ పోగు తెలుపు. ఏటవాలు నేతలో పోగులు పక్కపక్కకు జరిగి బరువు పంచుకుంటాయి, అందుకని చిరుగు సులభంగా పాకదు. డక్ అనే కాన్వాసు గుడ్డ వేరు. అది సాదా నేత, బాగా బిగువు. రాపిడికి రాయి మాదిరి నిలుస్తుంది గానీ మొదటి ఆరు నెలలు అట్ట తొడుక్కున్నట్టే ఉంటుంది. మదనపల్లె వాళ్ళకు, హార్సిలీ హిల్స్ పక్కన ఉండే వాళ్ళకు డక్ సరిపోతుంది. తిరుపతిలో, చిత్తూరులో ఉండేవాళ్ళకు డ్రిల్లే నా మాట.

బరువు చూసుకోవాల. ఆన్‌లైన్లో ఔన్సులు అని రాస్తారు. అది చదరపు గజం గుడ్డ బరువు. ఒక ఔన్సు అంటే చదరపు మీటరుకు దాదాపు 34 గ్రాములు. పనికోటుకు బయటి దేశాల్లో 12 ఔన్సులు మామూలు, అంటే 400 గ్రాములు దాటుతుంది. అది వాళ్ళ చలికి. మనకు 220 నుంచి 270 గ్రాముల మధ్య చాలు. 200 కంటే తగ్గితే చొక్కా అయిపోతుంది, జేబులో ఫోను పెడితే ముందర వేలాడతుంది. అంగట్లో వాళ్ళకు గ్రాములు తెలియవు. నేను చేసేదేమంటే, పావు మీటరు కొని పది సెంటీమీటర్లకు పది సెంటీమీటర్ల చతురం కోసి, మా వీధిలో నగల అంగట్లో తూకం వేయిస్తాను. రెండున్నర గ్రాములు తూగితే చదరపు మీటరుకు 250 గ్రాములు. బంగారం తూచే తూకం కాబట్టి తప్పు రాదు.

ఆ పావు మీటరు ఊరికే పోదు. దాన్నే తెల్లగుడ్డతో గట్టిగా రుద్దండి. కొంచెం నీలం అంటుతుంది, అది సహజం. ముద్దగా అంటితే మీ తెల్లచొక్కా కాలరు పోతుందని అర్థం. రెండు చేతుల మధ్య నలపండి. తెల్లటి పొడి రాలితే గంజి ఎక్కువ పెట్టినారు, ఉతికితే గుడ్డ పలచబడుతుంది.

ఇంక అన్నిటికంటే ముఖ్యమైంది, నేను చేతులు కాల్చుకుని నేర్చుకున్నది. ఆ అబ్బోడికి కుట్టిన మొదటి కోటు గుడ్డను నేను నానబెట్టలేదు. జాకెట్ల గుడ్డ మాదిరి ఇస్త్రీ చేసి కోసేసినాను. వాడు ఒక్కసారి ఉతికి తెచ్చినాడు. 29 అంగుళాల పొడవు 27న్నరకు వచ్చింది. చేతులు మణికట్టు పైకి ఎక్కినాయి. 5 శాతం కుంచించుకుపోయింది. వాడు ఒక్క మాట అనలేదు, నాకే రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. నా డబ్బుతో గుడ్డ కొని మళ్ళా కుట్టి ఇచ్చినాను. వాడు ఈరోజుకూ వేసుకుండేది ఆ రెండోది.

కాబట్టి గుడ్డ కొన్న రోజే, కోయక ముందే, బకెట్లో వేడినీళ్ళు పోసి రాత్రంతా నానబెట్టండి. పిండకుండా నీడలో ఆరేయండి. ఆరినాక ఇంకొకసారి అదే పని చేయండి. రెండోసారి కూడా పొడవు తగ్గితే మూడోసారి. తగ్గడం ఆగినాకే కత్తెర. ఎంత తగ్గిందో తెలియాలంటే నానబెట్టక ముందు బాల్‌పెన్నుతో 50 సెంటీమీటర్ల గీత గీసి పెట్టుకోండి. రంగు నిలిచేదానికి ఉప్పో వెనిగరో వేయమని చాలామంది చెప్తారు. నేను రెండూ వేసి, ఏమీ వేయని ముక్క పక్కన పెట్టి చూసినాను. తేడా రాలేదు.

ఎంత గుడ్డ కొనాలంటే, 58 అంగుళాల పన్నా అయితే రెండుంపావు మీటర్లు, 36 అంగుళాల పన్నా అయితే మూడున్నర. కుంచించుకునే లెక్కకు ఇంకో పావు మీటరు కలపండి.

టైలరుతో మాట్లాడేటప్పుడు

మీరు పోయే టైలరు నాకంటే పనిమంతుడై ఉండొచ్చు. అయినా "కోటు" అంటే ఆయన చేతులు సఫారీ మీదికో బ్లేజరు మీదికో పోతాయి. అందుకని పోంగానే ఈ మాటలు చెప్పండి: "అన్నా, ఇది చొక్కా మీద తొడిగే పెద్ద చొక్కా అనుకో. బక్రం వద్దు, భుజానికి ప్యాడు వద్దు, నడుం నొక్కే డాట్లు వద్దు, లైనింగు వద్దు." నాలుగు వద్దులు చెప్పినాక కోటు సగం సరిగా వచ్చినట్టే.

కొలతలు చొక్కా మీద తీయించుకోండి, బనీను మీద కాదు. ఛాతీ చుట్టుకొలతకు ఆరు అంగుళాలు కలపాల. మీది 38 అయితే కోటు చుట్టు 44. ఇంత వదులా అని టైలరు అడుగుతాడు. అవుననండి. భుజం మీ ఎముక కంటే రెండు పక్కలా కలిపి ముప్పావు అంగుళం ఎక్కువ. అంతకు మించితే అన్న కోటు తమ్ముడు వేసుకున్నట్టు జారిపోతుంది. పొడవు ప్యాంటు పక్కజేబు నోరు పూర్తిగా మునిగేదాకా. ఐదడుగుల ఏడంగుళాల మనిషికి 28, 29 వస్తుంది. చెయ్యి కొలత మోచెయ్యి వంచి తీయమనండి. నిటారుగా తీస్తే బండి హ్యాండిలు పట్టుకున్నప్పుడు రెండంగుళాలు పైకి పోతుంది.

చంక దగ్గర అందరూ తప్పుతారు. వదులు కోటు కదా అని చంక కిందికి దించేస్తారు. దించితే చెయ్యి ఎత్తినప్పుడు కోటు మొత్తం చేత్తోపాటు లేస్తుంది. చంక పైకే ఉండాల, చేతి గుడ్డ వెడల్పుగా ఉండాల. మా నాయన దీన్ని తాడు కట్టిన బకెట్టుతో పోల్చేవాడు. తాడు పైన కడితే బకెట్టు ఊగుతుంది, కింద కడితే ఒలుకుతుంది.

కచ్చా కుట్టు వేసినాక ఒకసారి తొడిగి చూపించమని తప్పకుండా అడగండి. అద్దం ముందర నిలబడి చూసుకునేది కాదు ఇది. బండి హ్యాండిలు పట్టుకున్నట్టు రెండు చేతులూ ముందుకు చాపండి. బస్సులో పై కడ్డీ పట్టుకున్నట్టు చెయ్యి ఎత్తండి. కింద పడిన తాళంచెవి తీసుకున్నట్టు వంగండి. సక్కలంముక్కలం వేసుకుని కూర్చోండి. ఎక్కడ పట్టేసినా అప్పుడే చెప్పండి. గుడ్డ మందం కాబట్టి తర్వాత విప్పితే పాత కుట్టు రంధ్రాలు కనపడతాయి.

జేబులు, కుట్లు, గుండీలు

కింది జేబులు ఆరున్నర అంగుళాల వెడల్పు, ఏడున్నర లోతు. మీ చెయ్యి మణికట్టు దాకా దిగాల. ఎడమ రొమ్ము మీద జేబు ఐదు, ఐదున్నర. నాలుగోది కుడిపక్క లోపల, ఫోనుకు సరిపడా, పైన ఒక గుండీతో. కొండకు పోయే దోవలో బండి మీద వంగినప్పుడు ఫోను జారకుండా ఉండేది ఆ గుండీ వల్లనే. కింది జేబులు మరీ పక్కకు పెట్టొద్దు, కూర్చున్నప్పుడు వస్తువులు తుంటి కింద పడతాయి. మరీ ముందుకు పెడితే గర్భిణి మాదిరి ఉంటుంది. చెయ్యి వేలాడేసి, మోచెయ్యి కొంచెం వంచితే అరచెయ్యి ఎక్కడికి పోతుందో అక్కడ సుద్దతో గుర్తు పెట్టించుకోండి. ప్రతి మనిషికీ ఆ చోటు వేరు.

జేబు నోటికి లోపల అర అంగుళం పట్టీ వేయించండి, లేకపోతే చెయ్యి పెట్టీ తీసీ నోరు సాగిపోతుంది. రెండు మూలలకు ట్యాకింగు. ట్యాకింగు మిషను లేకపోతే చిన్న త్రికోణం కుట్టమనండి, అది కూడా అంతే గట్టిగా నిలుస్తుంది.

అతుకులకు పోగులు ఊడకుండా అంచు చుట్టే ఓవర్‌లాక్ కొట్టి వదిలేయనీయొద్దు. లైనింగు లేదు కాబట్టి లోపల కూడా కోటే. జీన్స్ ప్యాంటు కాళ్ళ మధ్యన చూడండి, ఒక అంచు ఇంకో అంచును కప్పి మడిచి రెండు వరసలు కుట్టి ఉంటుంది. భుజానికి, పక్కలకు, చేతులకు ఆ కుట్టు అడగండి. అందుకు సమయం పడుతుంది, కుట్టుకూలి రెండు మూడు వందలు ఎక్కువ అడుగుతారు. ఇవ్వండి. మా అంగట్లో కుట్టుకూలి 900, గుడ్డ నానబెట్టి తెస్తే. రైల్వే వాళ్ళకు మా నాయన కుట్టినవి పది పన్నెండేండ్లు నడిచింది ఈ కుట్టుతోనే.

టైలర్లకు ఒక మాట: 16 నంబరు సూది పెట్టండి, నాలుగు మడతలు కలిసే చోట 18. అంగుళానికి ఎనిమిది, తొమ్మిది కుట్లు చాలు. సన్నగా కుడితే మందపు గుడ్డకు సూది రంధ్రాలే చింపుడు గీత అవుతాయి. మడతలు గట్టిగా ఉంటే చిన్న సుత్తితో కొట్టి చదును చేసి అప్పుడు కుట్టండి.

దారం విషయంలో నేను ఇంకా అటూ ఇటూ ఊగుతున్నాను. పాలిస్టరు దారం తెగదు. నూలు దారం గుడ్డతోపాటు వెలిసి అందంగా కలిసిపోతుంది, కానీ ముందుగా తెగుతుంది. ప్రస్తుతం అతుకులకు పాలిస్టరు, జేబుల పైకుట్టుకు నూలు వాడుతున్నాను.

గుండీలు నాలుగు రంధ్రాలవి, రెండు సెంటీమీటర్ల వెడల్పు. కొబ్బరి చిప్ప గుండీలు దొరికితే నీలం మీద చాలా బాగుంటాయి, వేడినీళ్ళలో మాత్రం నానబెట్టొద్దు. ప్లాస్టిక్ గుండీ అయినా పర్లేదు, పలచటిది వద్దు. గుండీకి గుడ్డకు మధ్య దారంతో చిన్న మెడ చుట్టి కుట్టాల, లేకపోతే మందపు గుడ్డలో గుండీ మునిగిపోతుంది. కాజాలు అడ్డంగా తీయించండి. నిలువు కాజాలో వదులు కోటు గుండీ జారి ఊడిపోతుంది. మన ఊర్లో చాలామంది టైలర్లు కాజాలకు వేరే అంగడికి పంపిస్తారు. అక్కడి మిషను చొక్కా గుడ్డకు అలవాటు పడింది. కాబట్టి అదే గుడ్డ రెండు మడతలు పెట్టి ఒక ముక్క కూడా పంపించి, మొదట దానిమీద కొట్టి చూడమనండి. కాజా ఒక్కసారి తప్పు పడితే ఆ రంధ్రాన్ని దాచేదానికి దోవ లేదు.

మెడ వెనక లోపలిపక్క చిన్న ముక్క వేస్తారు కదా, దానికి మాత్రం ఒక సరదా ఉంది నాకు. శ్రీకాళహస్తి కలంకారీ గుడ్డ మిగులు ముక్క ఉంటే అది వేస్తాను. బయట కనపడదు, కోటు విప్పి కుర్చీకి తగిలించినప్పుడు కనపడుతుంది. ఆ ముక్కను కూడా ముందే నానబెట్టండి.

ఎప్పుడు, దేనిమీద

మన ఊర్లో ఇది పన్నెండు నెలల బట్ట కాదు. ఉగాది నుంచి వానలు పడేదాకా తీసి పెట్టండి. కార్తీకం నుంచి మాఘం దాకా తెల్లవారి, పొద్దుగూకినాక, ఏసీ ఆఫీసుల్లో, రాత్రి రైలు ప్రయాణాల్లో తొడగండి. తెల్ల బనీను మీద, లేత చొక్కా మీద, ముతక ఖాదీ జుబ్బా మీద కూడా బాగుంటుంది. ప్యాంటు అదే నీలం మాత్రం వద్దు, డ్యూటీలో ఉన్నారనుకుంటారు. ఖాకీ, బూడిద, తెలుపు ఏదైనా సరే. చేతులు ఒక మడత పైకి మడిచినా ఈ కోటుకు అవమానం లేదు. పంచె మీద వేసుకోవచ్చా అని ఒక కాలేజీ అబ్బోడు మొహమాటంగా అడిగినాడు. మన పాతకాలపు ప్లీడర్లు, పంతుళ్ళు పంచె మీద కోటు తొడుక్కునే కదా ఫోటోలు దిగినారు! నిశ్చింతగా వేసుకోమన్నాను.

ఉతుకు, అతుకు

మొదటి మూడు ఉతుకులు విడిగా. తిరగేసి, చల్లనీళ్ళలో, సబ్బునీళ్ళలో అరగంట కంటే ఎక్కువ ఉంచకుండా. బండ మీద బాదొద్దు, బ్రష్షు పెట్టొద్దు, బ్లీచింగు దగ్గరికి రానీయొద్దు. నీడలో ఆరేయండి. తొడిగిన ప్రతిసారీ ఉతకాల్సిన పని లేదు. సాయంత్రం విప్పినాక గాలికి తగిలిస్తే చెమట వాసన పోతుంది. నెలకు ఒకసారి, చెమట ఎక్కువైతే రెండుసార్లు ఉతికితే చాలు.

రంగు వెలుస్తుంది. వెలవనీయండి. నీలిమందు నీళ్ళలో కరిగే రంగు కాదు. తొట్టిలో పసుపు పచ్చగా ఉండి, గాలి తగిలినాక నీలమై పోగు పైపైన కూర్చుంటుంది. అందుకే డెనిమ్ పోగును తెంచి చూస్తే నడిమధ్యలో తెల్లగా ఉంటుంది. రాపిడి ఎక్కడ ఉంటే అక్కడ నీలం లేచిపోతుంది: మోచెయ్యి, జేబు నోరు, కాలరు మడత, ఫోను పెట్టే చోటు. డ్రిల్‌కు వేసే మామూలు రంగులు ఇంత గీతలుగా వెలవవు, మొత్తంగా మెత్తబడతాయి. అది కూడా నాకు ఇష్టమే. ఒక కోటు ఎవరిదో చేతులు పెట్టకుండానే చెప్పగలను, ఎడమచేతి వాటం మనిషి కోటు ఎడమ జేబు ముందు వెలుస్తుంది.

చినిగేటప్పుడు మొదట మోచెయ్యి, తర్వాత చేతి అంచు. చిల్లు పడేదాకా ఆగొద్దు. గుడ్డ పలచబడి వెలుతురు కనపడంగానే లోపలిపక్క ముక్క వేసి, పైనుంచి నూలు దారంతో సన్నటి ముందుకుట్టు వరసలుగా కుట్టండి. జపాన్‌లో రైతులు పాత బట్టలను ఇట్లే ముక్క మీద ముక్క వేసి తరతరాలు వాడుకున్నారు, ఇప్పుడు ఆ పాత బట్టలను మ్యూజియాల్లో పెట్టినారు. మా అవ్వ పాత చీరలు నాలుగు మడతలు పరిచి బొంత కుట్టింది కూడా ఇదే కుట్టుతో, ఇదే ఓపికతో. బొంత కుట్టడం తెలిసిన ఆడమనిషి మీ ఇంట్లో ఉంటే టైలరు దగ్గరికి రానక్కరలేదు.

అందుకని మిగులు గుడ్డ టైలరు దగ్గర వదలొద్దు. జానెడు ముక్క అడిగి తెచ్చుకోండి. నేనైతే ప్రతి కోటుకూ ఆ ముక్కను లోపలి జేబులో పెట్టి ఇస్తాను.

పోయిన నెల ఆ మొదటి అబ్బోడు మళ్ళా వచ్చినాడు. ఇప్పుడు రేణిగుంట పక్కన ఒక ఫ్యాక్టరీలో పని. కుడి మోచెయ్యి పలచబడింది. లోపలి జేబులో చెయ్యి పెడితే నేను పెట్టిన ముక్క మడత కూడా విప్పకుండా అట్లే ఉంది. కోటు రెండేండ్లలో వెలిసి ఆకాశం రంగుకు వచ్చింది, ముక్క ఇంకా కొత్త నీలం. "అక్కా, అతుకు నల్లగా కనపడతా ఉండాదే" అన్నాడు. సబ్బుతో రుద్ది వెలిపించేదా అని అడిగినాడు. వద్దు, మోచెయ్యి బల్లకు ఆనించి కూర్చునే పనే కదా నీది, ఇంకో ఏడాదికి కలిసిపోతుంది అని చెప్పి, ఇంకో జానెడు ముక్క వెతికి జేబులో పెట్టి పంపించినాను.